తెర మీద ఒక బొమ్మ, మగ్గం మీద రెండు

కంప్యూటర్ డిజైన్ సాఫ్ట్‌వేర్ (క్యాడ్)లో బొమ్మ మీద బొమ్మ పేర్చి రంగులు నింపితే ఇక్కత్ డిజైన్ సిద్ధమైనట్టేనని అనుకునేవాళ్లు చాలామంది. తెర మీద నల్ల డైమండ్‌పై ఎర్ర పువ్వు పెడితే కింది నలుపు కనపడదు. మగ్గం మీద ఆ వీలు లేదు. ఉమ్మడి నల్లగొండ జిల్లా పుట్టపాకలో నేసే తేలియా రుమాలునే తీసుకోండి. 2020లో భౌగోళిక గుర్తింపు దక్కిన ఈ డబుల్ ఇక్కత్‌లో పడుగుకూ పేకకూ నేయకముందే ముడులు కట్టి రంగులద్దుతారు. సాదా నేతలో పడుగు పోగు ఒకసారి పేక పైనుంచి, ఒకసారి కిందినుంచి పోతుంది. ఏ పోగూ రెండోదాన్ని పూర్తిగా కప్పదు. ఎర్ర పడుగుతో ఎర్ర పేక కలిస్తే నిండు ఎరుపు. ఎర్ర పడుగును తెల్ల పేక దాటితే పలచబడ్డ ఎరుపు. రెండూ తెల్లగా వదిలిన చోటే అసలు తెలుపు. గీసింది రెండు రంగులు, గుడ్డ మీద తేలేది మూడు ఛాయలు.

అందుకే పడుగుకొక బొమ్మ, పేకకొక బొమ్మ వేర్వేరు లేయర్లలో, ఒకే మూల నుంచి కొలిచి గీసుకోవాలి. అంచు, కొంగు కూడా విడిగా ఉంటేనే నయం. నూలు బాడీకి పట్టు అంచు వచ్చే గద్వాల చీరకైతే అవి విడిగా ఉండక తప్పదు. ఇన్ని లేయర్లు కొత్త గందరగోళం కాదా, పెద్దలు ఒక్క గ్రాఫ్ కాగితంతో నెట్టుకురాలేదా అనొచ్చు. కాగితం ఒకటే అయినా పని రెండుగానే సాగేది: పడుగును సాగదీసి ఒకచోట గుర్తులు పెట్టేవారు, పేకను ఆసు పోసి (మేకుల చుట్టూ పోగు తిప్పి) మరోచోట. లేయర్లు మగ్గానికి కొత్త కాదు.

గళ్లు ఎంత చిన్నవైతే డిజైన్ అంత సొగసు అన్నదీ అపోహే. ఇక్కత్ గ్రాఫ్‌లో ఒక గడి ఒక్క పోగు కాదు, కలిపి రబ్బరు చుట్టే పోగుల కట్ట. గళ్లు పెంచితే ముడులు పెరుగుతాయి. పైగా అంచుల్లో పోగులు కొద్దిగా జరగడం వల్ల గీత ఎలాగూ చెదురుతుంది. ఆ చెదురే ఇక్కత్‌కు అందం. అంతకంటే పెద్ద చిక్కు కాపీలతో వస్తుంది. పోగులను మడిచి కట్టినప్పుడు ఒక ముడి చాలా చోట్ల అదే ఆకారాన్నిస్తుంది. కాబట్టి పువ్వును ఒకసారే గీసి, మిగతావన్నీ దానికి లింకు చేసిన కాపీలుగా ఉంచాలి. ఏదో ఒక్క పువ్వు మీదే కొత్త కొమ్మ వాలిస్తే తెరకేం, ఒప్పుకుంటుంది. ముడి కట్టేవాళ్లు ఆ పోగులన్నీ విడదీసి మళ్లీ కట్టాలి.

కంప్యూటర్ తాకితే అది చేనేత కాదన్న వాదనకు ఆధారం లేదు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం మరమగ్గం కాని మగ్గాన్నే చేనేత మగ్గం అంటుంది. బొమ్మ ఎలా గీశారని అడగదు. 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం ఆసు పోయడానికి యంత్రం చేశారు. ముడి, నేత చేతికే మిగిలాయి. ఫైలు బయటపడితే నకిలీలు పెరుగుతాయన్న భయం మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. అయితే అచ్చువేసేవాళ్లకు పడుగు, పేక లేయర్లతో పనిలేదు. నేసిన చీర ఫొటో ఒకటి చాలు. వాళ్ల రంగు గుడ్డ మీద పైపూతే గనుక, తిప్పి చూస్తే వెనకవైపు వెలవెలబోతుంది. రంగు పోగులోకే ఇంకిన ఇక్కత్ రెండువైపులా ఒకేలా పలుకుతుంది.