రుచి - ఆకలి హార్మోనులు

ఆకలి రెండు విధములు. శరీరంలో శక్తి నిల్వలు తరిగినప్పుడు పుట్టేది మొదటిది. కడుపు నిండి ఉన్నా ఇష్టమైన పదార్థము కంటబడగానే పుట్టేది రెండవది. వాడుక భాషలో దీనిని జిహ్వచాపల్యము అంటారు. శాస్త్రజ్ఞులు హెడోనిక్ హంగర్ అని పేరు పెట్టారు. తెలుగులో దీనికి స్థిరపడిన పారిభాషిక పదము లేదు కనుక ఈ వ్యాసంలో "రుచి ఆకలి" అని వ్యవహరిద్దాము. "ఆకలి రుచి ఎరుగదు" అన్న సామెత మొదటి రకం ఆకలికి చక్కగా సరిపోతుంది. రుచికి మాత్రము ఆకలి సంగతి బాగా తెలుసునని, అది రక్తంలోని హార్మోనులను సైతము మార్చగలదని గత కొన్ని దశాబ్దాల పరిశోధనలు చూపుతున్నాయి.

ఆకలిని నడిపే హార్మోనులు

వీటిలో ముఖ్యమైనవి గ్రెలిన్, లెప్టిన్. గ్రెలిన్‌ను 1999లో జపాను శాస్త్రవేత్తలు మసయసు కొజిమ, కెంజి కంగవ ఎలుక జీర్ణాశయంలో కనుగొన్నారు. ఇది 28 అమైనో ఆమ్లాల గొలుసు. భోజనానికి ముందు రక్తంలో దీని పాలు పెరుగుతుంది, తిన్న తరువాత తగ్గుతుంది. అందువలన దీనిని ఆకలి హార్మోను అంటారు.

లెప్టిన్‌ను 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము కనుగొన్నది. గ్రీకు భాషలో లెప్టోస్ అనగా సన్నని అని అర్థము. ఇది కొవ్వు కణాల నుండి వెలువడి, ఒంట్లో ఎంత కొవ్వు నిల్వ ఉన్నదో మెదడులోని హైపోథలమస్‌కు తెలియజేస్తుంది. ఇవి కాక పేగుల నుండి వచ్చే పి.వై.వై., జి.ఎల్.పి.-1, సి.సి.కె. అనే హార్మోనులు "ఇక చాలు" అన్న సంకేతాన్ని మోసుకుపోతాయి.

లెప్టిన్ పని కొవ్వు లెక్క చెప్పడంతో ఆగిపోదు. పుట్టుకతోనే లెప్టిన్ లేని ఇద్దరు యువ రోగులను కేంబ్రిడ్జిలో పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. చికిత్సకు ముందు వారికి ఆహార పదార్థాల బొమ్మలు చూపిస్తే, అప్పుడే భోజనము చేసి ఉన్నా సరే, ఎంతో ఇష్టంగా కనిపించేవి. ఏడు రోజులు లెప్టిన్ ఇచ్చిన తరువాత, కడుపు నిండి ఉన్నప్పుడు ఆ ఇష్టము తగ్గింది. రుచి అనుభవము నాలుకకు మాత్రమే చెందిన వ్యవహారము కాదనడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టము.

నోరూరుట

రుచి శరీరాన్ని కదిలిస్తుందన్న విషయము కొత్తది కాదు. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ కుక్కల అన్నవాహికకు శస్త్రచికిత్స చేసి, మింగిన ఆహారము జీర్ణాశయము చేరకుండా మెడ వద్దనే బయటకు పడేటట్లు చేశాడు. కడుపులోకి ఒక్క ముద్ద కూడా పోకపోయినా జఠరరసము ధారాళంగా ఊరింది. జీర్ణక్రియపై చేసిన కృషికి ఆయనకు 1904లో నోబెల్ బహుమతి లభించింది. పోపు వాసన తగలగానే మనకు నోరూరడము ఈ కోవలోనిదే. వాసన, రూపము, రుచి కలిసి లాలాజలాన్ని, జఠరరసాన్ని, కొద్దిపాటి ఇన్సులిన్‌ను ముందుగానే సిద్ధము చేస్తాయి.

ఇష్టమైనది తిన్నప్పుడు

ఇటలీలో మోంటెలియోనె బృందము 2012లో ప్రకటించిన ప్రయోగము చిన్నదే గాని ఆసక్తికరమైనది. కడుపు నిండుగా ఉన్న 8 మంది ఆరోగ్యవంతులకు ఒకసారి వారికి ఎంతో ఇష్టమైన పదార్థము, మరొకసారి అంతే కెలోరీలు గల, రుచి లేని పదార్థము ఇచ్చారు. ఇష్టమైనది తిన్నప్పుడు రక్తంలో గ్రెలిన్ ఎక్కువగా ఉంది. అనగా తృప్తిగా ఉన్నవారిలో కూడా రుచి ఆకలి హార్మోనును లేపింది.

దీనికి ఎదురుగా నిలిచేది 2011లో ఆలియా క్రమ్ బృందము యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన మిల్క్‌షేక్ ప్రయోగము. 46 మందికి రెండు పర్యాయములు ఒకే 380 కెలోరీల మిల్క్‌షేక్ ఇచ్చారు. ఒకసారి సీసాపై 620 కెలోరీలు గల విలాసవంతమైన పానీయమని, రెండవసారి 140 కెలోరీలు గల ఆరోగ్యకరమైన పానీయమని రాశారు. విలాస పానీయము తాగుతున్నామని నమ్మినప్పుడు గ్రెలిన్ బాగా పడిపోయింది. పథ్యపు పానీయమని నమ్మినప్పుడు దాదాపు కదలలేదు. పథ్యము చేస్తున్నానన్న బెంగతో తింటే ఆకలి తీరదని పెద్దలు అనే మాటకు ఇది ఆధారంగా కనిపించవచ్చు. అయితే ఇందులో బరువును కొలవలేదు. ఒక గ్లాసు పానీయము తరువాత గ్రెలిన్ తగ్గడము వేరు, సంవత్సరము తరువాత నడుము తగ్గడము వేరు.

పై రెండు ఫలితాలు ఒకదానినొకటి కొట్టివేయవు. ఒకటి నోటికి తెలిసిన రుచి గురించి, రెండవది మనసుకు తెలిసిన "నిండుదనము" గురించి. పత్రికలలో ఈ తేడాను తరచు మరచిపోతారు.

రుచి, బరువు

1976లో స్క్లఫాని, స్ప్రింగర్ అనే పరిశోధకులు ఎలుకలకు మామూలు మేతతో పాటు అంగడిలో దొరికే బిస్కత్తులు, చాకొలేట్, జున్ను వంటివి పెట్టగా అవి విపరీతంగా లావెక్కాయి. అంతకు ముందు 1965లో న్యూయార్కులో హషీమ్, వాన్ ఇటలీ అనే వైద్యులు ఇందుకు వ్యతిరేక దిశలో ప్రయత్నించారు. యంత్రము నుండి చప్పిడి ద్రవాహారము మాత్రమే దొరికే ఏర్పాటు చేస్తే, సన్నగా ఉన్నవారు తగినంత తాగి బరువు నిలుపుకున్నారు. స్థూలకాయులు చాలా తక్కువ తాగి బరువు కోల్పోయారు.

వైవిధ్యము కూడా ఒక కారణమే. 1981లో బార్బరా రోల్స్ బృందము నాలుగు రకాల శాండ్‌విచ్‌లు వరుసగా పెడితే, ఒకే రకము పెట్టినప్పటికంటె మూడో వంతు ఎక్కువ తిన్నారని గమనించింది. ఒక రుచిపై మొహము మొత్తినా కొత్త రుచిపై మొత్తదు. పెళ్ళి భోజనంలో పెరుగన్నము కూడా వద్దన్నవారు బొబ్బట్టు కనబడగానే విస్తరి ముందు సర్దుకు కూర్చోవడానికి కారణము ఇదే.

ఇంతమాత్రాన రుచే దోషి అనుకుంటే పొరపాటు. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందము 20 మందిని నాలుగు వారాలు అక్కడే ఉంచి, రెండు వారాలు కర్మాగారాలలో అతిగా శుద్ధి చేసిన ఆహారము, రెండు వారాలు ఇంటి వంట వంటి ఆహారము పెట్టింది. వడ్డించిన కెలోరీలు, చక్కెర, కొవ్వు, పీచు సమానము. ఎంత తినాలన్నది వారి ఇష్టము. మొదటి రకముతో రోజుకు సుమారు 500 కెలోరీలు ఎక్కువ తిని 0.9 కిలోలు పెరిగారు, రెండవ రకముతో 0.9 కిలోలు తగ్గారు. రెండవ రకము తిన్నప్పుడు పి.వై.వై. పెరిగింది, గ్రెలిన్ తగ్గింది. విశేషమేమిటంటే, రెండు రకాల భోజనమూ దాదాపు ఒకే విధంగా రుచిగా ఉన్నదని వారు చెప్పారు. శుద్ధి చేసిన ఆహారాన్ని వేగంగా తినడము కూడా గమనించారు.

బరువు తగ్గినవారి ఆకలి

2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు 50 మంది స్థూలకాయులకు 10 వారాలు అతి తక్కువ కెలోరీల ఆహారము ఇచ్చారు. సంవత్సరము గడిచిన తరువాత కూడా వారిలో గ్రెలిన్ మునుపటికంటె ఎక్కువగా, లెప్టిన్ తక్కువగా ఉన్నాయి. ఆకలి కూడా ఎక్కువగానే ఉంది. తగ్గిన బరువు తిరిగి రావడాన్ని నోటి కట్టుబాటు లేకపోవడము అని నిందించడము ఈ కారణంగా న్యాయము కాదు.

అమెరికాలో 2021లో బరువు తగ్గించడానికి అనుమతి పొందిన సెమాగ్లుటైడ్ అనే మందు జి.ఎల్.పి.-1ను అనుకరిస్తుంది. దీనిని వాడినవారిలో ఆకలి తగ్గడమే కాక, కొవ్వు ఎక్కువగా ఉన్న పదార్థాలపై మక్కువ కూడా తగ్గినట్లు 2017లో ప్రకటించిన ఒక పరీక్షలో తేలింది.