ఏసీని తిరగేస్తే కరెంటు

ఏరా చిన్నోడా, దోమలచుట్ట ప్యాకెట్టు ఎప్పుడైనా విప్పావా? ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోయి రెండు చుట్టలుంటాయి. విరక్కుండా వాటిని విడదీయడం మనింట్లో మీ నానమ్మకి తప్ప ఎవరికీ చేతకాదు. ఆ జంటనే లోహంతో చేసి, గోడల మధ్య కాస్త ఎడం ఉంచితే దాన్ని స్క్రోల్ అంటారు. పెద్ద ఏసీల కంప్రెసర్లలో చాలావాటిలో ఉండేది అదే.

రెండిట్లో ఒకటి కదలదు. రెండోది తన చుట్టూ తాను తిరగదు గానీ, చిన్న వలయం గీస్తున్నట్టు జరుగుతూ ఉంటుంది. అప్పుడు గోడలు అక్కడక్కడా దాదాపు ఆనుకుని, వాటి మధ్య నెలవంకల్లాంటి గదులు ఏర్పడతాయి. కంప్రెసర్లో ఆ గదులు అంచు నుంచి నడిమికి వస్తూ కుంచించుకుపోతాయి, గ్యాస్ నలుగుతుంది. ఇప్పుడు దీన్ని తిరగేద్దాం. ఒత్తిడితో ఉన్న ఆవిరిని నడిమిలోకి వదిలితే గదులు విచ్చుకుంటూ అంచుకి వస్తాయి, చుట్టని తోస్తాయి, ఇరుసు తిరుగుతుంది. ఇరుసుకి జనరేటర్ తగిలించావా, కరెంటే! దీని పేరు స్క్రోల్ ఎక్స్‌పాండర్. అసలు 1905లో లియాన్ క్రూ అనే ఫ్రెంచాయన పేటెంటు తీసుకున్నది ఇంజను పేరుతోనే. అంత కచ్చితంగా గోడలు చెక్కే యంత్రాలు అప్పట్లో లేక ఆ ఊహ దశాబ్దాలపాటు కాగితం మీదే ఉండిపోయింది.

"మరి ఆవిరికి బొగ్గు కావాలిగా తాతయ్యా?" అంటావు. అక్కర్లేదురా. ఆర్-245ఎఫ్ఏ అనే ద్రవం ఉంది, మామూలు గాలి ఒత్తిడిలో 15 డిగ్రీలకే మరుగుతుంది. దానికి ఎండ వేడో, ఫ్యాక్టరీ గొట్టాల్లో వృథాగా పోయే వేడో చాలు. కాకపోతే పెద్ద ఆశలు పెట్టుకోకు. 100 డిగ్రీల వేడికీ 30 డిగ్రీల చల్లదనానికీ మధ్య ఎంతటి యంత్రం పెట్టినా, ఇచ్చిన వేడిలో 19 శాతానికి మించి పని రాదంటుంది కార్నో సూత్రం. చిన్న యంత్రాలకి అందులో సగం దక్కినా గొప్పే. ఆఫ్రికాలోని లెసోతోలో పల్లె ఆసుపత్రులకి ఎండతో కరెంటు ఇద్దామని అమెరికాలోని ఎంఐటీ నుంచి వచ్చినవాళ్లు స్క్రోళ్లతోనే పని మొదలుపెట్టారు. అలాంటి చోట ఒక్క వాటు పోయినా నష్టమే.

ఎక్కడ పోతుంది? బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక స్క్రోల్ కంప్రెసర్‌ని తిరగేసి నడిపి, 2009లో ఫలితాలు ప్రకటించారు. ఆవిరి నుంచి రావలసిన పనిలో అత్యధికంగా 68 శాతం దక్కింది. మిగతాదాన్ని ముఖ్యంగా తినేసింది లోపలి లీకు. ఆ తర్వాతే లోపలికి వచ్చేటప్పుడు పడిపోయే ఒత్తిడీ, రాపిడీ. గోడకీ గోడకీ మధ్య, గోడ అంచుకీ ఎదుటి చుట్ట అడుగు పళ్లేనికీ మధ్య సందు కొన్ని పదుల మైక్రాన్లు, అంటే వెంట్రుక మందమంత. ఆవిరికి ఆ దారి చాలు.

తిరుగుతున్న లోహం లోపలికి కన్ను పోదు కదా, అందుకే కంప్యూటర్. లోపలి చోటునంతా చిన్న చిన్న గడులుగా కోస్తారు, దాన్ని మెష్ అంటారు. ప్రతి గడిలోకి ఎంత ఆవిరి వచ్చింది, ఎంత పోయింది, ఒత్తిడి ఎంత, వేడి ఎంత అని నవియే-స్టోక్స్ అనే ప్రవాహ సమీకరణాలతో లెక్కగడతారు. తంటా అంతా ఆ సందులోనే ఉంది. 60 మైక్రాన్ల సందులో మూడు వరసలు పట్టాలంటే గడి 20 మైక్రాన్లుండాలి. అన్ని చోట్లా అంతే సన్నగా కోస్తే ఒక్క ఘన సెంటీమీటరుకే 12.5 కోట్ల గడులు! అందుకని సందుల్లో సన్నగా, గదుల్లో లావుగా కోస్తారు. పైగా చుట్ట జరిగిన ప్రతిసారీ గదుల ఆకారం మారుతుంది, మెష్ కూడా మారాలి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే యంత్రంలో ఒక్క డిగ్రీ కదలడానికి పట్టేది సెకనులో 18,000వ వంతు. డిగ్రీకోసారి చొప్పున చుట్టుకి 360 సార్లు లెక్క కట్టాలి. అలా కొన్ని చుట్లు పూర్తవడానికి కంప్యూటర్లకి రోజులు పడుతుంది.

ఇంత శ్రమకీ ఫలితం ఉంది. ఎదురెదురుగా పుట్టే రెండు గదులూ కాగితం మీద కవలలే. తీరా లెక్క వేస్తే, ఆవిరి లోపలికొచ్చే నడిమి రంధ్రాన్ని కదిలే చుట్ట మొన కొంతసేపు మూసేస్తుందనీ, దాంతో ఒక గది నిండినట్టు రెండోది నిండదనీ తేలుతుంది. అప్పుడు రంధ్రం ఆకారాన్ని కంప్యూటర్లోనే మార్చి చూసుకోవచ్చు, ప్రతిసారీ లోహం కోయక్కర్లేదు.

అలాగని తెర మీద ఎరుపూ నీలం రంగుల బొమ్మ చూసి మురిసిపోకు. రాపిడినీ, ఆవిరిలో కలిసే నూనెనీ లెక్కలో వదిలేస్తే బొమ్మలో వచ్చినంత కరెంటు యంత్రంలో రాదు. రేపు నీకెవరైనా అలాంటి బొమ్మ చూపిస్తే రెండే అడుగు: సందులో ఎన్ని వరసల గడులు పెట్టారు? నడుస్తున్న యంత్రంలో కొలిచిన ఒత్తిడితో సరిచూశారా? ఈ రెండిటికీ నీళ్లు నమలకుండా జవాబొస్తే, అప్పుడు నమ్ము.