ఒకే గ్యాసు, రెండు సమీకరణాలు

2024 నవంబరు 1న శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలో దీపం-2 పథకం మొదలైంది. అర్హత ఉన్న ఇళ్లకు ఏడాదికి మూడు గ్యాస్ బండలు ఉచితం. ఇంటికొచ్చే బండలో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. అది మండడానికి ఎంత గాలి కావాలో మాత్రం బండ మీద రాసి ఉండదు. ఆ సంగతి హైస్కూలు పిల్లలు తుల్యం చేసే రసాయన సమీకరణం చెబుతుంది.

వంటగ్యాసులో ప్రధానంగా ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. బ్యూటేన్ అణువులో 4 కార్బన్, 10 హైడ్రోజన్ పరమాణువులు. పూర్తిగా మండితే కార్బన్ అంతా కార్బన్ డయాక్సైడ్‌గా, హైడ్రోజన్ అంతా నీటి ఆవిరిగా మారాలి. ముందు కార్బన్ సంగతి చూద్దాం: 4 కార్బన్ డయాక్సైడ్ అణువులు వస్తాయి. తర్వాత హైడ్రోజన్: అణువుకు రెండేసి చొప్పున 5 నీటి అణువులు. ఆక్సిజన్‌ను చివరికి ఉంచుతారు. ఎడమవైపు అది ఒంటరిగా ఉంటుంది కాబట్టి, దాని ముందు అంకె మార్చినా మిగతా లెక్క చెదరదు. కుడివైపు ఆక్సిజన్ పరమాణువులు 8, 5 కలిపి 13. అంటే ఆరున్నర ఆక్సిజన్ అణువులు. ఆ అర పోవాలంటే అన్నిటినీ రెట్టింపు చేస్తే సరి:

2 బ్యూటేన్ + 13 ఆక్సిజన్ → 8 కార్బన్ డయాక్సైడ్ + 10 నీరు

బండలో ఉన్నదంతా బ్యూటేనే అనుకుంటే, దానికి దాదాపు 51 కిలోల ఆక్సిజన్, అంటే సుమారు 220 కిలోల గాలి కావాలి. 43 కిలోల కార్బన్ డయాక్సైడ్, 22 కిలోల నీరు వెలువడతాయి. గ్యాసు, ఆక్సిజన్ కలిపి తూచినా 65 కిలోలే, వచ్చినవి తూచినా 65 కిలోలే.

మరి గాలి చాలకపోతే?

2 బ్యూటేన్ + 9 ఆక్సిజన్ → 8 కార్బన్ మోనాక్సైడ్ + 10 నీరు

ఇదీ తుల్య సమీకరణమే. మార్కులూ పడతాయి. కానీ కార్బన్ మోనాక్సైడ్ రంగూ వాసనా లేని విషం. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అంటిపెట్టుకుని ఆక్సిజన్‌కు చోటివ్వదు. గాలి ఇంకా తగ్గితే కొంత కార్బన్ మసిగానే మిగిలి గిన్నె అడుగున పేరుకుంటుంది. వేడికి వెలిగే ఆ మసి రేణువులవల్లే మంట పసుపుపచ్చగా కనిపిస్తుంది.

పరమాణువుల లెక్క రెండు చోట్లా సరిపోయింది. రెండింటిలో ఏది జరగాలో తేల్చేది గాలే. నీలి మంట పసుపుకు తిరిగితే బర్నర్ రంధ్రాలు శుభ్రం చేయించాలి, వంటింటి కిటికీ తెరిచి ఉంచాలి.