ఇల్లు చేరిన తరువాతి చికిత్స

మాదకద్రవ్యములకు అలవాటుపడిన పదహారు పదిహేడేండ్ల బాలుని డి-అడిక్షన్ సెంటరునుండి ఇంటికి పంపునాడు, ఆఫీసుగదిలో కాగితములపై సంతకములు ముగిసిన పిమ్మట, తల్లిదండ్రులు కౌన్సెలరును అడుగు ప్రశ్న ఇంచుమించు ఎల్లెడల ఒక్కటియే: "ఇక మళ్ళీ ముట్టుకోడు గదండీ?" నెలల తరబడి నిద్రలేని రాత్రులు గడిపి, బంధువులకు తెలియకుండ అప్పుచేసి, పరువు బజారున పడునేమోయని బిక్కుబిక్కుమనుచు కాలము వెళ్ళబుచ్చినవారు ఆ మాట అడుగుటలో వింత లేదు. కాని చికిత్స యనునది ఆ గదిలోనే ముగిసినదనియు, తమ వెంట వచ్చుచున్నది నయమైన బిడ్డయే గాని నయమగుచున్న బిడ్డ కాదనియు ఒక భ్రమ ఆ ప్రశ్నలో అణగియున్నది. కుర్రవాడు మారుటకు కేంద్రమొక్కటియే చాలదు. వాడు తిరిగి అడుగుపెట్టు ఇల్లును, వీధియు, దినచర్యయు కూడ మారవలెను. ఇది వినుటకు సులభము, ఆచరించుటకు మిక్కిలి కష్టము. ఏలయనగా అప్పుడు చికిత్స పొందవలసినవారి జాబితాలో మన పేరుకూడ చేరును.

కేంద్రములో జరుగునది స్వల్పమని కాదు. నిత్యము గంజాయి పీల్చువాడు ఒక్కసారిగా మానినచో, ఒకటి రెండు దినములలోనే చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించుట, పీడకలలు మొదలై, మొదటి వారమున తీవ్రమై, సాధారణముగా రెండు మూడు వారములలో తగ్గుముఖము పట్టును. నల్లమందు జాతికి చెందిన హెరాయిన్, నొప్పి బిళ్ళలు మొదలగువానికి లోబడినవానికి ఒళ్ళునొప్పులు, వాంతులు, విరేచనములు పీడించును. వారికి బుప్రెనార్ఫిన్ వంటి ఔషధములు కలవు. గంజాయి వ్యసనమునకు మాత్రము ప్రత్యేకముగా ఆమోదింపబడిన మందు నేటికిని లేదు. అక్కడ వైద్యమంతయు సంభాషణలోను, అభ్యాసములోను, సహవాసములోను ఉన్నది. ఇక పిల్లల విషయమున పెద్దలు సామాన్యముగా ఊహింపని శత్రువు మరియొకటి కలదు. కేంద్ర ప్రభుత్వము కొఱకు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు జరిపి 2019లో ప్రకటించిన దేశవ్యాప్త సర్వేలో, పెద్దలకంటె పిల్లలలో ఎక్కువగా కనబడిన మత్తు ఒక్కటే, అది వాసనపీల్చు ద్రవ్యములది: పదినుండి పదునేడేండ్ల వారిలో 1.17 శాతము, పెద్దలలో 0.58 శాతము. వైట్నరు, పంక్చరు సొల్యూషను వంటివి కొనుటకు దొంగచాటు వ్యాపారితో పనిలేదు, మూలనున్న దుకాణము చాలును.

దేహము తేరుకొనుటకు వారములు చాలునేమో గాని, మనస్సునకు ఆ గడువు చాలదు. ఆలోచించి అడుగువేయుమని హెచ్చరించు మెదడు ముందుభాగము ఇరువదియైదవ యేటి ప్రాంతమువరకు పరిపక్వమగుచునే యుండును. సుఖమును కోరు భాగము దానికంటె చాల ముందుగనే మేల్కొనును. యౌవనారంభమున మత్తునకు లోబడిన పిల్లవానికి వాగ్దానము చేయు శక్తి నిండుగా నుండి, దానిని సాయంకాలమువరకు నిలుపుకొను శక్తి కొరవడుట ఇందువలననే. వాడు తల్లి తలపై చేయిపెట్టి ఒట్టు వేసినపుడు అబద్ధమాడుటలేదు. ఆ క్షణమున అది నిజమే.

ఈ సందర్భమున వియత్నాం యుద్ధకాలమునాటి ఒక పరిశోధనను తలచుకొనవలెను. అక్కడి అమెరికన్ సైనికులలో హెరాయిన్ ప్రబలినదని 1971లో ఆందోళన చెలరేగగా, ఆ దేశపు ప్రభుత్వము లీ రాబిన్స్ అను విదుషీమణికి దానిని పరిశీలించు బాధ్యత నొప్పగించెను. సామాన్య సైనికులలో ఇంచుమించు ఐదవవంతు మంది అక్కడ ఆ మత్తునకు బానిసలైరని తేలినది. అట్టివారు ఇల్లు చేరిన మొదటి యేడాదిలో తిరిగి బానిసలగువారు కొల్లలుగా నుందురని అందరును భయపడిరి. కాని ఆమె లెక్కలో అట్టివారు నూటికి ఐదుగురు మాత్రమే. దీనికి కారణములు పెక్కు చెప్పిరి గాని, వానిలో ముఖ్యమైనది సులభముగా బోధపడునదే: మత్తు చవకగా దొరకిన చోటు, దానిని పంచుకొన్న సహచరులు, దానిని కోరించిన భయము, విసుగు, ఇవన్నియు సముద్రముల కావల నిలిచిపోయినవి. మన కుర్రవాని స్థితి దీనికి సరిగా తలక్రిందులు. వానికి చికిత్స దూరప్రదేశమున జరుగును. మత్తు మరిగిన చోటికే వానిని తిరిగి తెచ్చి దింపుదుము. అదే డాబా, అదే పాన్ షాపు, ట్యూషనునుండి వచ్చు అదే సందు, ఫోనులో అదే వాట్సాప్ గ్రూపు.

కొందరు దీనిని గ్రహించియే పిల్లవానిని అమ్మమ్మగారి ఊరికో, రెసిడెన్షియల్ కాలేజీ హాస్టలుకో పంపుదురు. ఊరు మారుట కొంతకాలము మేలే చేయవచ్చును. కాని నేటి గంజాయి పొట్లమునకు పల్లె, పట్టణము అను భేదము లేదు. హాస్టలు వలన కలుగు ఫలమో, సమస్య కంటికి కనబడకుండుటయే గాని తొలగిపోవుట కాదు.

చోటు మార్చలేనివారు ఆ చోటిని వానికి బాగుగ ఎఱిగించవలెను. మరల వ్యసనమున పడకుండ కాపాడు పద్ధతులను అమెరికాలో అలన్ మార్లాట్, జూడిత్ గోర్డన్ అను మనస్తత్వశాస్త్రవేత్తలు 1985లో ఒక గ్రంథముగా సంతరించిరి. దుఃఖము, కోపము వంటి మనోవ్యథలు, ఇంటిలోనో బయటనో తగవులు, స్నేహితుల ఒత్తిడి, ఈ మూడే ఎక్కువ పతనములకు ద్వారములని మార్లాట్ గమనించెను. కౌన్సెలర్లు నేడు చేయించు అభ్యాసము దీనినుండి పుట్టినదే. కుర్రవాని చేతికి ఒక రూళ్ళకాగితమిచ్చి, నీకు ఎప్పుడెప్పుడు తాగబుద్ధియగునో నీ మాటలలోనే వ్రాయుమందురు. వాడు వ్రాయునవి ఇట్లుండును: "సాయంత్రం ఆరింటికి బస్సు దిగినప్పుడు." "నాన్న మార్కుల గురించి అడిగినప్పుడు." "జేబులో రెండొందలు పైన ఉన్నప్పుడు." "మేం మ్యాచ్ గెలిచిన రోజు." ఈ చివరిదానిని చూచి తండ్రి నిర్ఘాంతపోవును, దుఃఖమే ప్రమాదమనుకొన్నవానికి సంతోషము కూడ ప్రమాదమని తోచదు. పిమ్మట ఒక్కొక్కదాని కెదురుగా ఏమి చేయవలెనో వ్రాయింతురు: ఒక స్టాపు ముందే దిగి అక్కతో కలిసి నడచివచ్చుట, డబ్బు తల్లియొద్ద నుంచుట, మ్యాచ్ ముగిసినంతనే ఎవరికి ఫోను చేయవలెనో ముందుగా నిశ్చయించుకొనుట. మార్కుల పంక్తి కెదురుగా వ్రాయవలసినది మాత్రము కుర్రవాడు కాదు, తండ్రి.

ఇంటివారి అనుమానమును గురించి కొంత విస్తరించి చెప్పవలెను. ఇటీవల మందులషాపులలో మూత్రపరీక్ష కిట్లు దొరకుచున్నవి. ఒక తల్లి మూడవ వారమున పరీక్షచేసి, గంజాయి ఉన్నట్లు తేలగా కొడుకును చెంపపై కొట్టినదనుకొందము. ఆ బాలుడు నిజముగా ముట్టియుండకపోవచ్చును. అప్పుడప్పుడు వాడినవాని మూత్రమున గంజాయి జాడ కొలది దినములే యుండును గాని, నిత్యము పీల్చినవాని కొవ్వులో అది దాగి నెల దినములవరకు, ఒక్కొక్కపుడు అంతకుమించియు బయటపడుచునే యుండును. కిట్టునకు ఈ సంగతి తెలియదు, వైద్యునికి తెలియును. కనుక పరీక్ష చేయవలసియున్నచో అది వైద్యునితోడి ఒప్పందముగా, కుర్రవానికి ముందు తెలిపి జరుగవలెను; దిండు క్రింద వెదకుట, బాత్రూము తలుపువద్ద నిలుచుట, ఫోను దొంగిలించి చదువుట మొదలగు పోలీసు పనులు ఇంటిని ఠాణాగా మార్చును. పరీక్షలో శుభ్రముగా తేలినపుడెల్ల చిన్న బహుమానమిచ్చు పద్ధతి మంచి ఫలితమిచ్చినట్లు పరిశోధనలు చెప్పుచున్నవి. "మానేయడం వాడి ధర్మం, దానికి బహుమతెందుకు?" అని పెద్దలు ఈసడింతురు. రెండవ ఎక్కము అప్పగించినందుకు చాక్లెట్టిచ్చినది కూడ ఈ పెద్దలే.

ఇంత చేసినను ఒకనాటి రాత్రి వాడు ఎఱ్ఱబడిన కన్నులతో ఇంటికి రావచ్చును. వ్యసనచికిత్స పొందినవారిలో ఇంచుమించు సగముమంది మరల ఒక్కసారియైనను వాడుదురు. రక్తపోటు, ఉబ్బసము ఉన్న రోగులలో కూడ వ్యాధి తిరగబెట్టుట ఇట్టిదేయని వైద్యులు చెప్పుదురు. ఆ రాత్రి కాలుజారుట ఒకటి, తిరిగి మునిగిపోవుట మరియొకటి. మొదటిదానినుండి రెండవదానికి కుర్రవానిని నెట్టునది మత్తుకంటె నిరాశయని మార్లాట్ వివరించెను: "ఎలాగూ చెడిపోయాను, ఇంక దాచుకునేదేముంది" అను తలంపే వానిని పూర్వస్థితికి ఈడ్చుకొనిపోవును. ఆ తలంపునకు తోడు ఇంటివారి శాపనార్థములు చేరినచో చెప్పవలసినదేమున్నది? ఆ రాత్రి విచారణ వలదు. అన్నము పెట్టి పడుకొననిచ్చి, మరునాడు ఏ సమయమున, ఏ చోట, ఎవరితో అని నెమ్మదిగా అడిగి, రూళ్ళకాగితములో ఒక పంక్తి చేర్చి, వారము తిరుగకముందే కౌన్సెలరును కలియవలెను. హెరాయిన్, నొప్పి బిళ్ళలు వాడినవారి విషయమున మాత్రము ఆలస్యము తగదు: కొన్ని వారములు మానినవాని దేహము పాత మోతాదును ఓర్వలేదు, అదే ప్రాణాంతకము కావచ్చును. ఊపిరి మందగించి, పెదవులు నీలమై, పిలిచినను పలుకనిచో ప్రక్కకు తిప్పి పరుండబెట్టి 108కి ఫోను చేయవలెను.

చట్టమును గురించిన భయము పెక్కుమందిని వైద్యునివద్దకు రానీయదు. 1985 నాటి మాదకద్రవ్య నిరోధక చట్టములోనే 64-ఏ అను సెక్షను కలదు: స్వల్పపరిమాణముతో గాని, వాడిన నేరముతో గాని పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందముగా ప్రభుత్వపు లేదా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్స పొందినచో ప్రాసిక్యూషనునుండి రక్షణ లభించును; చికిత్సను మధ్యలో వదలినచో ఆ రక్షణ పోవచ్చును. పిల్లలకు మత్తు అందించినవానికి 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టము ఏడేండ్ల వరకు కఠినశిక్ష విధించును. అమ్మువారి సమాచారము నందించుటకు తెలంగాణలో 1908, ఆంధ్రప్రదేశ్‌లో 1972 నంబర్లు కలవు. సలహాకు 14446, మనోవేదనకు టెలి-మానస్ 14416.

కేంద్రము నెన్నుకొనుటలో తొందరపడరాదు. గొలుసులతో కట్టుట, కొట్టుట, ఫోనులో మాటలాడనీయకుండుట "క్రమశిక్షణ" యని చెప్పు చోటునుండి వెంటనే వెనుదిరుగవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము గొలుసును నిషేధించినది. పద్దెనిమిదేండ్లు నిండనివారిని పెద్దలతో కలిపి ఉంచరాదనియు, వారు అక్కడ ఉన్నంతకాలము ఒక సంరక్షకుడు తోడుండవలెననియు, బాలికయైనచో ఆ తోడు స్త్రీయే కావలెననియు అదే చట్టము చెప్పుచున్నది. బాలికల సంగతి కుటుంబములు మరింత దాచును. దాచిన కొలది ఆలస్యమగును.

ఇక ఎవరును అడుగని వ్యక్తి ఒకరుందురు. అన్న కొఱకు అమ్మ ఆసుపత్రిలో నుండగా తన పాఠములు తానే చదువుకొని, తన కంచము తానే కడుగుకొని, ఏ గొడవయు చేయనందుకు "బంగారుతల్లి"యని మెప్పు పొందిన చెల్లెలు. అన్న తిరిగి వచ్చిన తరువాత కూడ ఇల్లంతయు వాని ముఖకవళికలనే చదువుచుండును. ఆ పిల్ల కేమియు కాలేదని అనుకొనుట సులభము. కాని ఆమె కోపమునకు చోటు కావలెను, అన్నను ప్రేమించుచు ద్వేషించుటలో తప్పులేదని ఆమెకు ఎవరైనను చెప్పవలెను. కుటుంబ కౌన్సెలింగు నాడు ఇంటిలో వదలిపెట్టక, ఇంకొక కుర్చీ వేయించి ఆమెను కూడ కూర్చుండబెట్టుడని కోరినచో, ఏ మంచి కౌన్సెలరును కాదనడు.