కప్పు లేని కారు, కనబడని తుప్పు

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్‌డన్ అనే చిన్న పట్టణం ఉంది. 1962 నుంచి 1980 అక్టోబరు దాకా అక్కడి కర్మాగారంలో ఎంజీబీ అనే కారు తయారైంది. రెండు సీట్లు, ఎండ కాసినప్పుడు మడిచి వెనక్కి నెట్టేసే మెత్తని కప్పు, ముందు పొడవైన బానెట్. గట్టి కప్పుతో వచ్చిన జీటీ రకంతో కలుపుకుంటే 5 లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో సగానికి మించి అమెరికాకే వెళ్ళాయి. ఇంటి షెడ్డులో సొంత చేతులతో పునరుద్ధరించుకునే పాత కార్లలో ఇవాళ దీనికి పెద్దపీట. యంత్రం సాదాసీదాది, పనిముట్లు మామూలువి సరిపోతాయి, విడిభాగాలు దాదాపు అన్నీ ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి.

ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న ఇలాంటి కారును కొన్నవాళ్ళు ముందుగా బానెట్ ఎత్తుతారు. ఇంజన్ తిరుగుతుందా, ప్లగ్గులో నిప్పురవ్వ వస్తుందా అని చూస్తారు. ఇంజన్ మోగితే సగం పని అయిపోయినట్టే అనుకుంటారు. ఈ వరస తలకిందులైనదని నా నమ్మకం. కప్పు లేని కారులో ముందు చూడవలసింది తలుపు కింద ఉండే రేకును. ఇంజన్ సంగతి ఆ తర్వాత.

ఎందుకో చెప్పాలంటే బాడీ నిర్మాణం దగ్గరికి వెళ్ళాలి. ఎంజీబీకి ముందు వచ్చిన ఎంజీఏకి కింద విడిగా ఛాసిస్ ఉండేది. బాడీ దాని మీద కూర్చునేది. ఎంజీబీలో ఆ ఛాసిస్ తీసేశారు. పల్చని ఉక్కు రేకులను మడిచి, పెట్టెల్లా అతికి, ఆ పెట్టెలన్నిటినీ కలిపి ఒకే గుల్లగా చేశారు. బరువు మోసేదీ, వంపులు తిరిగి అందంగా కనబడేదీ ఆ రేకే. కప్పు ఉన్న కారులో నేల, స్తంభాలు, పైకప్పు కలిసి ఎత్తైన పెట్టె అవుతాయి కాబట్టి భారం అన్ని వైపులకూ పంచుకుపోతుంది. కప్పు తీసేస్తే ముందు చక్రాలనూ వెనక చక్రాలనూ కలిపి పట్టుకునేది నేల ఒక్కటే. నేల మధ్యలో గేర్‌బాక్సు మీదుగా వెళ్ళే సొరంగం, అటూ ఇటూ తలుపుల కింద పొడవుగా సాగే రెండు ఉక్కు పెట్టెలు. ఈ పెట్టెలను సిల్ అంటారు. ఎంజీబీలో ఒక్కొక్క సిల్ బయటి రేకు, మధ్య రేకు, లోపలి రేకు, అడుగున మరో పట్టీ కలిసి తయారైన పొరల నిర్మాణం.

రోడ్డు మీద గతుకు వచ్చి ఒక చక్రం లేచినప్పుడు బాడీ మెలితిరుగుతుంది. ఆ మెలికను ఆపేది పెట్టె మూసి ఉండటమే. 100 మిల్లీమీటర్ల చదరపు పెట్టెను 1 మిల్లీమీటరు రేకుతో చేశామనుకోండి. మూల వెంబడి పొడవునా ఒక చీలిక పెడితే, లెక్క ప్రకారం అది మెలికను ఎదిరించే శక్తి 7,500 వంతుల్లో ఒక వంతుకు పడిపోతుంది. బరువు తగ్గలేదు, రేకు పల్చబడలేదు, ఒక అంచు విడిపోయిందంతే. మూసిన పెట్టెలో లోపలి బలం చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే చేరుతుంది. చీలిన పెట్టెలో దానికి ఆ దారి లేదు. 1 మిల్లీమీటరు మందంలోనే వెళ్ళి వెనక్కి తిరగాలి. అగరుబత్తుల అట్ట గొట్టం ఒకటి తీసుకుని మెలితిప్పి చూడండి, తర్వాత పొడవునా కత్తిరించి మళ్ళీ తిప్పండి. తేడా చేతికే తెలుస్తుంది. నిజమైన కారులో తుప్పు సిల్‌ను ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకేసారి చీల్చదు, రెండు కొసలూ వేరే రేకులకు అతికే ఉంటాయి కాబట్టి నష్టం అంత ఘోరంగా ఉండదు. కానీ జరిగేది ఆ దిశలోనే.

ఇక అసలు చిక్కు. కప్పు లేకపోవడం వల్ల ఎక్కువ భారం పడేది సిల్ మీద. అదే కారణం వల్ల నీళ్ళు ఎక్కువగా చేరేదీ సిల్ దగ్గరికే. మెత్తని కప్పు పాతబడితే కుట్ల దగ్గరా అంచుల దగ్గరా వాన నీరు కారుతుంది. అది తివాచీ కింద పరిచిన ఉన్ని పొరలోకి ఇంకి వారాల తరబడి ఆరదు. బయటి నుంచి చక్రాలు ఎగజిమ్మిన బురద సిల్ కొసల్లో పేరుకుని, నీరు పోవడానికి వదిలిన చిన్న రంధ్రాలను మూసేస్తుంది. బ్రిటన్‌లో చలికాలం రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు కూడా బురదతో కలిసి లోపలికి చేరుతుంది.

తుప్పు నిజానికి ఒక చిన్న బ్యాటరీ పని. ఇనుము ఒక చోట ఎలక్ట్రాన్లను వదిలి నీటిలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా మరో చోటికి వెళ్ళి అక్కడి ఆక్సిజన్‌నూ నీటినీ హైడ్రాక్సైడ్‌గా మారుస్తాయి. ఉప్పు కలిస్తే నీటిలో విద్యుత్తు సులువుగా పారుతుంది కాబట్టి వేగం పెరుగుతుంది. ఇందులో అందరూ పొరబడే సంగతి ఒకటుంది. గాలి బాగా తగిలే చోటే ఎక్కువ తుప్పు పడుతుందనుకుంటాం. రెండు రేకుల మధ్య సందులో నీరు నిలిస్తే అక్కడ ఆక్సిజన్ తక్కువ, సందు మొదట్లో ఎక్కువ. కరిగిపోయేది ఆక్సిజన్ తక్కువగా ఉన్న లోపలి ఇనుమే. బయట నిగనిగలాడుతున్న రంగు వెనక రెండు రేకులు అతికిన అంచు తినేసి ఉండటానికి కారణం ఇదే. పైగా తుప్పుకు అది పుట్టిన ఇనుము కంటే 2 నుంచి 6 రెట్ల జాగా కావాలి. ఆ ఒత్తిడికి అతుకులు విడిపోతాయి, సందు పెద్దదవుతుంది, ఇంకా నీరు చేరుతుంది.

అందుకే పాత కారును ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పి వదిలేయడం దానికి చేసే పెద్ద అపకారం. నేలలోంచి లేచిన తేమ కిందే చిక్కుకుని రాత్రి చల్లబడినప్పుడు రేకు మీద నీరుగా మారుతుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఉక్కు తుప్పు పట్టే వేగం బాగా పెరుగుతుంది. విశాఖలోనో కాకినాడలోనో అంత తేమ లేని రోజులు ఎన్ని ఉంటాయో అక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. కారుకు గాలి ఆడే గుడ్డ ముసుగు వేయాలి, కింద నేల పొడిగా ఉండాలి.

కొనే ముందు పరీక్ష కష్టం కాదు. పల్చని అయస్కాంతానికి గుడ్డ చుట్టి సిల్ వెంబడి జరపండి. అది పట్టు వదిలిన చోట రేకు పోయి లప్పం మిగిలిందని అర్థం. అడుగు నుంచి స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి. తర్వాత తలుపు చుట్టూ సందు చూడండి. సిల్ బలహీనపడితే కారు మధ్యలో కిందికి కుంగుతుంది, తలుపు వెనక అంచున పైభాగంలో సందు ఇరుకవుతుంది. కారును మధ్యలో జాక్ పెట్టి ఎత్తినప్పుడు ఆ సందు తెరుచుకుందంటే బాడీ వంగుతోందన్నమాటే. 1974 దాకా ఈ కారులో 6 వోల్టుల బ్యాటరీలు రెండు సీట్ల వెనక నేలలో కూర్చునేవి. వాటి యాసిడ్ చుక్కలు పడి ఆ గూళ్ళు కూడా తరచు చిల్లులు పడతాయి.

సిల్ మార్చడం ఇంట్లో చేయగలిగిన పనే, ఓర్పు ఉంటే. కోత మొదలుపెట్టే ముందు తలుపు తీసేసి ఆ ఖాళీకి అడ్డంగా ఉక్కు కడ్డీలు వెల్డింగ్ చేసి బిగించాలి. లేకపోతే పాత సిల్ తెగిన క్షణాన బాడీ తన బరువుకే కుంగుతుంది. కొత్త సిల్‌ను ఆ కుంగిన రూపంలోనే అతికేస్తే కారు జన్మంతా వంకరగానే మిగిలిపోతుంది, ఇక తలుపులు పడవు. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు పట్టుకోవాలి. చివరి వెల్డింగ్‌కు ముందు తలుపు తగిలించి సందులు సరిచూడాలి. పెట్రోల్ ట్యాంకు తీసేసి దూరంగా పెట్టడం మొట్టమొదటి పని. ఖాళీ ట్యాంకులోని ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదకరం.

వెల్డింగ్ వేడితో ఇంకో ఇబ్బంది. ఉక్కు ప్రతి డిగ్రీకీ తన పొడవులో 10 లక్షల్లో 12 వంతులు సాగుతుంది. మీటరు పొడవు రేకు 500 డిగ్రీలు వేడెక్కితే 6 మిల్లీమీటర్లు పెరగాలి. చుట్టూ చల్లని రేకు పట్టుకుని ఉంటే పెరగలేక ఉబ్బుతుంది, చల్లారాక ముడుచుకుని వంకరపోతుంది. అందుకే ఒకే గీతలా లాగకుండా దూరదూరంగా చుక్కలు పెట్టి, చల్లారనిచ్చి, మధ్య మధ్య నింపుకుంటూ రావాలి. తొందరపడితే రేకు వంకర ఆ సంగతి చెప్పేస్తుంది.

విప్పదీయగలిగిన చిన్న భాగాలకు నాకు చాలా ఇష్టమైన పద్ధతి విద్యుత్తుతో తుప్పు వదిలించడం. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్ళు పోసి బట్టల సోడా కలపాలి. తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జరు నెగెటివ్ తీగకు, మామూలు ఇనుప ముక్కను పాజిటివ్ తీగకు కలిపి ముంచాలి. తుప్పు వదులై రాలిపోతుంది, మంచి లోహం అరగదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు మాత్రం వాడకూడదు, దానిలోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీటిలోకి వస్తుంది. హైడ్రోజన్ వాయువు లేస్తుంది కనుక ఆరుబయట చేయాలి. స్ప్రింగుల వంటి గట్టి ఉక్కును ఇందులో వేయకూడదు, హైడ్రోజన్ లోపలికి దూరి దాన్ని పెళుసుగా మారుస్తుంది. శుభ్రమైన రేకుకు ఆ పూటే జింకు కలిసిన ప్రైమరు పూయాలి. ఇనుముకు ముందు జింకు కరిగి దాన్ని కాపాడుతుంది. సిల్ మూసేశాక లోపలికి మైనం కలిసిన ద్రవం పిచికారీ చేయడం మరవకూడదు. రంధ్రాలు మాత్రం తెరిచే ఉంచాలి.

ఇప్పుడు ఇంజన్. దీనితో మనవాళ్ళకు చుట్టరికం ఉంది. ఎంజీబీలో ఉన్నది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ బీ-సిరీస్ ఇంజన్, 1,798 సీసీ. దశాబ్దాల పాటు పెట్రోల్ అంబాసిడర్‌ను లాగింది ఇదే కుటుంబంలోని 1,489 సీసీ ఇంజన్. రెండింట్లోనూ పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం సరిగ్గా 88.9 మిల్లీమీటర్లే. సిలిండర్ వెడల్పు మాత్రం 73 నుంచి 80 మిల్లీమీటర్లకు పెరిగింది. విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ ట్యాపెట్లు సెట్ చేస్తూ ముసలివాడైన మేస్త్రీని ఎంజీబీ ఇంజన్ ముందు నిలబెడితే కొత్తగా నేర్చుకోవలసింది కొంచెమే.

ఏళ్ళుగా తిరగని ఇంజన్‌కు బ్యాటరీ తగిలించి స్టార్టర్ నొక్కకండి. పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు అంటుకుని ఉండొచ్చు. ప్లగ్గులు విప్పి పల్చని నూనె పోసి రోజుల తరబడి నాననిచ్చి, ముందున్న పుల్లీ నట్టుకు పానా వేసి చేత్తో మెల్లగా తిప్పాలి. పాత పెట్రోల్ తేలిక భాగాలు ఆవిరైపోయి జిగురుగా మారి ఉంటుంది, అది మొత్తం తీసేయాలి. కొత్త పెట్రోల్‌తో వేరే సమస్య. ఇవాళ మన బంకుల్లో అమ్మే దానిలో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. బ్రిటన్‌లో 2021 నుంచి 10 శాతం. ఇథనాల్ పాతకాలపు రబ్బరు గొట్టాలను ఉబ్బించి పగలగొడుతుంది. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే కారు మొత్తం కాలిపోవచ్చు, కాబట్టి గొట్టాలన్నీ ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయాలి. ఆ కాలపు పెట్రోల్‌లో సీసం ఉండేది. అది వాల్వులు కూర్చునే చోట పొరలా పేరుకుని అరగకుండా కాపాడేది. మన దేశంలో 2000లో సీసం పెట్రోల్ ఆగిపోయింది, ఆగి తీరవలసిందే. ఇంజన్ హెడ్ విప్పినప్పుడు గట్టి లోహపు వాల్వు సీట్లు వేయించుకుంటే సరిపోతుంది.

బ్రేకుల దగ్గర పొదుపు పనికిరాదు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరితే ఆ హద్దు 155కు దిగుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ బ్రేకులు కాగినప్పుడు నూనె మరిగి ఆవిరైతే పెడల్ నేలను తాకుతుంది, కారు ఆగదు. నూనె, రబ్బరు వాషర్లు, గొట్టాలు అన్నీ మార్చాల్సిందే. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ దుమ్మును గాలితో ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

కప్పు సంగతి చివరికి వదిలాను, పనిలో కూడా అది చివరిదే. వినైల్‌ను మెత్తగా ఉంచే రసాయనాలు ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి పోతాయి, కప్పు బిర్రబిగిసి మడతల దగ్గర చీలుతుంది. కొత్త కప్పును ఎండ ఉన్న రోజున, మెత్తబడ్డాక లాగి బిగించాలి.

1988లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులను వెతికి తీసి ఎంజీబీ బాడీ గుల్లలను కొత్తగా చేయడం మొదలుపెట్టింది. తుప్పు మరీ ముదిరిన కారుకు అది వరమే. అయినా రేకులో సగానికి పైగా గట్టిగా ఉంటే పాతదాన్నే నిలబెట్టడం మేలు. అది ఆ కర్మాగారపు పనివాళ్ళ చేతులు అతికిన రేకు.

మీ ఇంటి వెనక ఏ అంబాసిడరో, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డో పడి ఉంటే మీరు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు చేయని వాహనాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్ళు, తర్వాత పొడిగింపుకు 5,000. కాబట్టి కోత పెట్టే ముందు ప్రతి భాగాన్నీ ఫోటో తీసి పెట్టుకోండి, ఛాసిస్ నంబరూ ఇంజన్ నంబరూ ఉన్న చోట గ్రైండర్ తగలనివ్వకండి.