ఖనిలో ఒక గది, పొద్దున టిఫిన్

ఫారిన్ ట్రిప్పుకెళ్లినవాళ్లు చెప్పే ‘బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్’ హోటల్ కాదు. ఒకరింట్లో ఖాళీ గది, పొద్దున ఆ ఇంటి టిఫిన్, అంతే. మన కేంద్ర పర్యాటక శాఖకూ ఇలాంటి స్కీమ్ ఉంది. గదులు 1 నుంచి 6 వరకే. ఓనర్ కుటుంబం అదే ఇంట్లో ఉండాలి. సౌకర్యాలను బట్టి గోల్డ్, సిల్వర్ అని గ్రేడ్ ఇస్తారు.

ఆ ఓనర్ షరతు దగ్గరే నాకు మన గోదావరిఖని గుర్తొస్తది. జర్మనీలోని ఎస్సెన్ కూడా బొగ్గు ఊరే. అక్కడి జోల్‌ఫెరైన్ గని 1986లో మూతపడింది, 2001లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఇప్పుడు దేశదేశాల నుంచి వచ్చి చూస్తున్నారు. మనకూ మూతపడ్డ గనులున్నయ్. 2022లో ఆర్టీసీ హైదరాబాద్ నుంచి గనుల టూర్ కూడా మొదలుపెట్టింది. మరి వచ్చినోళ్లు రాత్రికి ఇక్కడే ఆగాలంటే? సింగరేణి క్వార్టర్ కంపెనీది. నాన్న రిటైరైతే తాళం అప్పజెప్పాల్సిందే. అందులో గది అద్దెకిచ్చే హక్కు మనకెక్కడిది!

కాబట్టి ఈ పని సొంతిల్లు కట్టుకున్నవాళ్లదే. మార్కండేయ కాలనీ లాంటి చోట, పిల్లలు చదువులకో ఉద్యోగాలకో వెళ్లిపోయి పై పోర్షన్ ఖాళీగా ఉన్న ఇల్లయితే చాలు. ఫస్ట్ షిఫ్టు 7 గంటలకు, అంటే ఆ ఇంట్లో పొయ్యి 5కే వెలుగుతది. అతిథి నిద్ర లేవగలిగితే వేడివేడి సర్వపిండి దొరుకుతది.