నేల తాకకూడని నీరు: సుల్తాన్‌గంజ్ నుంచి దేవ్‌ఘర్‌కు 105 కిలోమీటర్ల కాలినడక

జంషెడ్‌పూర్: ఆషాఢ పౌర్ణమి దగ్గరపడుతోందంటే జంషెడ్‌పూర్‌లోని టాటానగర్ రైల్వేస్టేషన్‌లో కాషాయ వస్త్రాలు ధరించిన బృందాలు కనిపించడం మొదలవుతుంది. వారి గమ్యం జార్ఖండ్‌లోనే ఉన్న దేవ్‌ఘర్ వైద్యనాథ క్షేత్రం. అయితే వారు నేరుగా అక్కడికి వెళ్లరు. ఆసన్‌సోల్ మీదుగా ప్రయాణించే వారికి దేవ్‌ఘర్‌కు సమీపంలోని జసిడీహ్ జంక్షన్ దారిలోనే తగులుతుంది. అయినా అక్కడ దిగకుండా బీహార్‌లోని సుల్తాన్‌గంజ్ వరకు వెళ్లి, గంగాజలం ముంచుకొని, రైలులో దాటివచ్చిన క్షేత్రానికే దాదాపు 105 కిలోమీటర్లు చెప్పులు లేకుండా నడిచి వస్తారు.

జంషెడ్‌పూర్ తెలుగువారికి ఈ యాత్ర అపరిచితం కాదు. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు తయారైన ఈ నగరానికి పని కోసం వచ్చినవారిలో ఉత్తరాంధ్ర వాసులు గణనీయంగా ఉన్నారు. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ వలసకు నేటికీ సాక్ష్యంగా నిలిచింది. ఇక్కడి తెలుగు కుటుంబాలు ఇంట్లో ఒక పంచాంగాన్ని, వీధిలో మరో పంచాంగాన్ని చూస్తూ పెరిగాయి. దేవ్‌ఘర్ యాత్రకు వెళ్లదలచిన తెలుగువారు ముందుగా అర్థం చేసుకోవలసింది ఈ తేడానే.

తెలుగువారికి నెల అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తరాదిలో పౌర్ణమితో ముగుస్తుంది. అందువల్ల మనం ఆషాఢ బహుళ పక్షంగా లెక్కించే పదిహేను రోజులు వారికి అప్పటికే శ్రావణం. ఉదాహరణకు 2025లో గురుపూర్ణిమ జులై 10న వచ్చింది. దేవ్‌ఘర్‌లో శ్రావణం ఆ మర్నాడే ఆరంభమై ఆగస్టు 9న రాఖీ పౌర్ణమితో ముగిసింది. మన శ్రావణం జులై 25న గానీ మొదలుకాలేదు. మన క్యాలెండర్‌ను నమ్ముకొని 'శ్రావణం మొదటి వారం' అనుకొని టికెట్ తీసుకుంటే, అప్పటికి అక్కడ సగం యాత్ర అయిపోయి ఉంటుంది.

మోసేది కావడే

హిందీలో దీనిని కాంవడ్ అంటారు. మనం కావడి అంటాం. వెదురు బద్దకు రెండు కొసలా వేలాడే రెండు పాత్రలు, వాటిలో గంగాజలం. సుల్తాన్‌గంజ్‌లో గంగ ఉత్తర దిశగా ప్రవహిస్తుంది. అక్కడే నదిలోని రాతిగుట్టపై అజగైబీనాథ్ ఆలయం ఉంది. జహ్ను మహర్షి గంగను తాగివేసి, తిరిగి విడిచిపెట్టిన చోటు ఇదేనని స్థానికుల విశ్వాసం. జాహ్నవి అనే పేరు వచ్చిన కథ అదే కనుక తెలుగువారికి కొత్తగా చెప్పనక్కర్లేదు.

యాత్ర నియమాలు పలు విధాలు. తోలు వస్తువులు వాడరాదు. సాత్వికాహారమే తీసుకోవాలి. భోజనం తర్వాత, కాలకృత్యాల తర్వాత శుచి కానిదే కావడిని తాకరాదు. కానీ వీటన్నింటికీ మూలమైన నియమం ఒక్కటే: ఎత్తిన కావడి శివుని సన్నిధికి చేరేవరకు నేల తాకకూడదు. దారి పొడవునా ఉన్న ఏర్పాట్లన్నీ ఈ నియమం చుట్టూ అల్లుకున్నవే. టీ దుకాణమైనా, ధర్మశాల అయినా, సేవా శిబిరమైనా ముంగిట వెదురు దండేలు కట్టి ఉంటాయి. యాత్రికుడు ముందు తన కావడిని వాటికి ఆనించి, ఆ తర్వాతే తాను కూర్చుంటాడు. దండెం లేని దుకాణం ఎదుట ఈ దారిలో ఎవరూ ఆగరు.

ఈ నియమానికి, క్షేత్ర కథకు ఉన్న సంబంధం గమనించదగినది. కైలాసం నుంచి శివలింగాన్ని లంకకు తీసుకువెళ్తున్న రావణునికి దానిని మధ్యలో దించరాదన్న షరతు ఉంది. దారిలో దానిని ఒక పశువుల కాపరి చేతికి ఇవ్వవలసి వచ్చింది. అతడు నేలపై పెట్టాడు. లింగం అక్కడే నిలిచిపోయింది. గోకర్ణానికీ ఇదే కథ చెబుతారు. రావణుడు నిలుపుకోలేకపోయిన షరతును యాత్రికుడు నీటి చెంబుతో నిలుపుకుంటూ నడుస్తున్నాడన్నమాట. వైద్యనాథ జ్యోతిర్లింగం మహారాష్ట్రలోని పర్లీయే అనేవారూ ఉన్నారు. మన వైపు వల్లించే ద్వాదశ జ్యోతిర్లింగ స్తోత్రం కూడా పర్లీనే పేర్కొంటుంది. ఆ చర్చ పండితులది. నడిచేవారిని అది ఆపలేదు.

నాలుగు రోజుల దారి

సుల్తాన్‌గంజ్ నుంచి దారి భాగల్‌పుర్, ముంగేర్, బాంకా జిల్లాల మీదుగా సాగి, దుమ్మా వద్ద జార్ఖండ్‌లోకి ప్రవేశిస్తుంది. అసర్‌గంజ్, తారాపూర్, కుమర్‌సార్ వరకు చాలావరకు చదునైన నేల. ఆ తర్వాత గుట్టలు మొదలవుతాయి. సూయియా పహాడ్ అనే చోట సూదుల్లాంటి రాళ్లు పాదాలను కోసేవని పాత యాత్రికులు నేటికీ చెప్పుకుంటారు. అక్కడి నుంచి కటోరియా, ఇనారావరణ్, గోడియారీ దాటాలి. దుమ్మా చేరాక దేవ్‌ఘర్ ఇక దగ్గరే. బీహార్ భాగంలో తారు రోడ్డుకు ఎడంగా కాలినడకవారి కోసం మట్టిబాట ఉంది. యాత్ర సమయంలో దానిపై సన్నటి ఇసుక పోసి, నీళ్లు చల్లుతారు. వాన లేని రోజున ఎండ, ఉక్కపోత భరించరానివి కనుక అనుభవజ్ఞులు రాత్రి వేళ, తెల్లవారుజామున నడిచి మధ్యాహ్నం విశ్రమిస్తారు. పాదాల బొబ్బలకు శిబిరాలలో ఇచ్చే వేడినీటికి మించిన మందు లేదనే వారే ఎక్కువ.

సాధారణంగా ఈ దూరానికి మూడు, నాలుగు రోజులు పడుతుంది. ఎక్కడా ఆగకుండా 24 గంటల్లో చేరేవారిని డాక్ బమ్ అంటారు. విశ్రాంతి వేళ కూడా కావడిని దండెంపై ఉంచక, ఎవరో ఒకరి భుజంపైనే ఉండేలా చూసుకునేవారు ఖడా బమ్. సాష్టాంగ నమస్కారాలు చేస్తూ దారంతా కొలిచేవారు దండీ బమ్. వీరికి వారాలు పడుతుంది. మొత్తం మీద దారిలో ఎవరికీ సొంత పేరు ఉండదు. అందరూ 'బమ్'లే, స్త్రీలు 'మాతా బమ్'లు. అయ్యప్ప దీక్షలో ప్రతివారినీ 'స్వామీ' అని పిలవడం ఎరిగిన తెలుగువారు ఈ పిలుపునకు తొలిరోజే అలవాటు పడతారు.

ఐరోపాలోనూ ఇటువంటి దారులున్నాయి. ఇంగ్లాండ్‌లోని కాంటర్‌బరీ నుంచి రోమ్ నగరానికి సాగే వియా ఫ్రాన్సిజెనా వాటిలో ఒకటి. సుమారు 990లో ఆర్చ్‌బిషప్ సిగెరిక్ రోమ్ నుంచి తిరిగి వస్తూ 79 మజిలీల పేర్లు రాయించడం వల్లనే ఆ పాత దారి ఆనవాళ్లు నేటివారికి దొరికాయి. ఐరోపా మండలి 1994లో దానిని సాంస్కృతిక మార్గంగా గుర్తించింది. అక్కడ యాత్రికుడు మజిలీ మజిలీకీ ఒక పుస్తకంపై ముద్ర వేయించుకుంటాడు. చివరి 100 కిలోమీటర్లయినా నడిచినట్లు ఆ ముద్రలు చూపితే రోమ్‌లో ధ్రువపత్రం లభిస్తుంది. దేవ్‌ఘర్ దారిలో సాధారణ యాత్రికునికి ముద్ర అక్కర్లేదు. చెంబులోని నీరే అతని రుజువు. మరొక తేడా ఇంకా పెద్దది. అక్కడ మరుగునపడిన దారికి మనుషులను మళ్లీ రప్పించవలసి వచ్చింది. ఇక్కడ మనుషులు దారికి మించిపోయారు.

క్యూలో తేలే లెక్క

యాత్రలో అసలు ప్రమాదం గుట్టల్లో కాదు, చివరి కొద్ది కిలోమీటర్లలో ఉంది. సోమవారం జలం సమర్పించడం విశేషమన్న నమ్మకంతో ఆదివారం రాత్రికే లక్షల మంది పట్టణానికి చేరుకుంటారు. 2015 ఆగస్టు 10 సోమవారం తెల్లవారుజామున దేవ్‌ఘర్‌లో జరిగిన తొక్కిసలాటలో 11 మంది మరణించారు. రోజుల తరబడి నడిచి, నిద్రలేక, కిలోమీటర్ల పొడవు వరుసలో నిలబడిన వారికి వెనుక నుంచి వచ్చే ఒక్క తోపును తట్టుకునే శక్తి ఉండదు. కరోనా కారణంగా 2020, 2021 సంవత్సరాలలో మేళా జరగలేదు. 2022లో తిరిగి మొదలైంది. అదే ఏడాది జులై 12న దేవ్‌ఘర్ విమానాశ్రయం ప్రారంభమైంది. నడిచేవారు మాత్రం తగ్గలేదు.

రద్దీ వల్ల శ్రావణంలో లింగాన్ని తాకి పూజించే అవకాశం ఉండదు. గర్భాలయం వెలుపల అమర్చిన అర్ఘా అనే పాత్రలో నీరు పోస్తే అది గొట్టం ద్వారా లింగంపైకి చేరుతుంది. ప్రధాన వరుసలో నిలబడలేని వృద్ధులు, అస్వస్థుల కోసం ఆవరణలో బయట కూడా అర్ఘా ఉంది. అక్కడ పోసిన నీరు లింగాన్ని చేరడం తెరపై చూడవచ్చు. నాలుగు రోజులు మోసినది చివరకు గొట్టంలో పోయాలా అని నొచ్చుకునేవారు లేకపోలేదు. వారి బాధలో న్యాయముంది. అయితే 2015ను గుర్తుంచుకున్నవారు ఈ ఏర్పాటును తప్పుపట్టలేరు. మొదటిసారి వెళ్లే తెలుగువారు, ముఖ్యంగా పిల్లలు, పెద్దలు వెంట ఉన్నవారు ఆదివారం సాయంత్రం నుంచి మంగళవారం ఉదయం వరకు పట్టణంలోకి అడుగుపెట్టకుండా నడకను లెక్క వేసుకోవడం మేలు.

ఆలయ శిఖరంపై త్రిశూలానికి బదులు పంచశూలం ఉంటుంది. శివాలయ శిఖరానికి, ఎదుటి పార్వతీ ఆలయ శిఖరానికి మధ్య ఎర్రని దారాలు కట్టి ఉంటాయి. దర్శనమయ్యాక దేవ్‌ఘర్ పేడా కొనకుండా తిరిగివచ్చేవారు అరుదు.

కావడిలోని రెండు పాత్రల్లో ఒకదానిలోని నీరే వైద్యనాథునిది. రెండోది దుమ్కా జిల్లాలోని బాసుకీనాథునిది. నలభై కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ దూరాన్ని ఎక్కువమంది వాహనాలలోనే వెళ్తారు. అయితే నియమం ఇంకా సడలలేదు కనుక, బస్సులో కూర్చున్నా ఆ చెంబును కింద పెట్టరు.